బీరయ్య మేపిన జొన్నచేను

ఏంది బిడ్డా, ఆగినవేంది? చదువు. నా కోసం ఆగకు. నేను నిద్ర పోలే, కండ్లు మూసుకున్న, గంతే. కండ్లు మూసుకుంటే మంచిగ ఇనవడ్తది. "మంగోల్స్ వర్ నాట్ ఎ సివిలైజేషన్" అన్నవు గదా, పొద్దటిసంది గదే మాట. బేస్మెంట్ల ఒకసారి, కిచెన్‌ల ఒకసారి, అద్దం ముంగట నిలవడి చెయ్యి ఊపుకుంట ఒకసారి. స్కూలేమొ స్నో డే అని బందాయె, మీ అమ్మా నాయనా చెరొక రూముల తలుపేసుకొని మీటింగులల్ల కూసుండిరి, ఇగ గీ ఇంట్ల నీ మాటలు పడేతందుకు నా చెవులు తప్ప ఏమున్నయ్? రా, గిట్ల కూసో. ఆ గొంగడి మీద కూసోకు! దాన్ని మడిచి పక్కకు పెట్టు. గట్ల గాదు. అంచు లోపలికి పోవాలె. మీ అమ్మ గూడ గిట్లనే మడుస్తది, బెడ్‌షీట్ మడిచినట్టు, ఎన్నిసార్లు చెప్పినా గంతే. మళ్ళ ఇప్పు. మళ్ళ మడువు. ఆ, గట్ల. ఇగ చెప్పు, సివిలైజేషన్ అంటే ఏంది?

పట్నాలు ఉండాలె. రాత ఉండాలె. ఎవుసం ఉండాలె. రాళ్ళతోని కట్టినయి ఉండాలె, మనం పోయినంక గూడ నిలవడి ఉండేటియి. సరే, అర్థమైంది. నేను బడి మొకం చూసినదాన్ని కాదు, మీ తాత నేర్పితే నాలుగక్షరాలు కూడబలుక్కొని సంతకం పెడ్త. బస్సు మీద ఊరి పేరు నేను చదివేలోపల బస్సు ఎల్లిపోతది. కని చెప్తే తెలుస్తది నాకు. మరి ఆఖరుకు ఇంకో మాట అన్నవు గదా, దాన్ని జర మళ్ళ చదువు. ఆ. "దే వర్ జస్ట్ షెపర్డ్స్." ఆ జస్ట్ అంటే ఏంది? ఉత్త, అనా? ఉత్త గొర్లకాపర్లు. గీ ముక్క పుస్తకంల ఉన్నదా, నువ్వు రాసుకున్నవా? చెప్పు, నేనేమన. మీ నాయననా? గట్ల చెప్పు. శ్రీధర్ పెట్టమన్నడు. అనుకున్న.

పోయిన ఆదివారం, అందరు తలా ఒకటి వండుకొని వచ్చిన పాట్‌లక్కుల ఏం జరిగిందో నీకు ఎరుక లేదు, నువ్వు పైన పిల్లలతోని ఉన్నవు. ఆ ఉమామహేశ్వరి లేదా, పక్క వీధి ఆమె, పెద్ద గిన్నె నిండ పులిహోర తెస్తది సూడు, ఆమెకు మీ నాయన చెప్పిండు, మా నైనికకు డిబేట్ ఉందండీ, మంగోల్స్ సివిలైజేషనా కాదా అని, కాదు అనే దిక్కు మా అమ్మాయి మాట్లాడాలె అని. ఆమె నవ్వుకుంట అన్నది గదా, "గొర్రెలు కాచుకునేవాళ్ళకి సివిలైజేషన్ ఏంటండీ బాబూ! మనూళ్ళల్లో కూడా ఉంటారుగా, కంబళి కప్పుకుని వీధుల వెంట తిరిగేవాళ్ళు!" అందరు నవ్విన్రు. మీ నాయన గూడ నవ్విండు. ప్లేట్ల వడ్డించుకుంట నవ్విండు, నా దిక్కు చూడలే. చూస్తే ఏమైతదో వానికి ఎరుకనే. నేను సోఫాల కూసోని ఉన్న, మోకాళ్ళ మీద గీ గొంగడి ఉన్నది. ఆమె నన్ను చూసింది, గొంగడిని చూసింది, అయినా ఆమెకు తట్టలే. ఆంటీకి చలి అనుకున్నదేమొ. అది నేను మనసుల పెట్టుకున్ననా అంటవా? పెట్టుకున్న. ఎందుకు పెట్టుకోను? ఆమె పులిహోర ఇగ నేను ముట్ట.

కండ్లు గంత పెద్దగ చేస్తవేంది? మనం ఎవ్వలమనుకున్నవు? మీ నాయన ఏం చెప్పిండు నీకు? "అగ్రికల్చర్ ఫ్యామిలీ" అన్నడా! మంచిగున్నది. అగ్రికల్చర్. మనం కురుమలం బిడ్డా. గొర్లు కాసేటోళ్ళం. మీ తాత కాలం కాడికి వస్తే చెల్క దున్నుకున్నరు, అది వేరే ముచ్చట, అది గూడ చెప్త. కని నేను పుట్టింది మందల. మా అమ్మ నన్ను కన్నది కృష్ణ దిక్కు పోయే తొవ్వల, చెట్టు కింద, గొర్ల నడుమ. రేపు లైబ్రరీల నువ్వు మైకు ముంగట నిలవడి ఉత్త గొర్లకాపర్లు అంటవు. నేను ముందు వరుసల కూసుంట. గందుకే అడుగుతున్న. కోపంతోని కాదు. నాకు గూడ తెలుసుకోవాలె, గా మంగోలోళ్ళు ఎసొంటోళ్ళో. ఆ బొమ్మ చూపెట్టు ఒకసారి, పొద్దున చూసినవు గదా టాబ్లెట్ల, గుండ్రంగ ఉన్నది.

ఓ అవ్వా! గిది ఇల్లా? గోడలన్నీ దేనితోని? ఉన్నితోనా? నేయలే, తడిపి తొక్కి పరిచిన్రు. అంటే గొంగడితోని ఇల్లు కట్టుకున్నరు వాళ్ళు! మేము గొంగడి కప్పుకున్నం, వాళ్ళు గొంగడిల కాపురం చేసిన్రు. దాన్ని బండి మీద ఏసుకొని పోతరా? ఇల్లు మొత్తం? ఇంత మంచు వాళ్ళ దిక్కు గూడ పడ్తదా? మరి వాళ్ళ గొర్లు నల్లయా తెల్లయా? చూడు, చూడు, పెద్దగ చెయ్యి. తోకల కాడ కొవ్వు బాగున్నది, మన గొర్లకు ఉండది. ఆడోళ్ళు గూడ ఎంట పోయిన్రా? మొగోళ్ళు యుద్ధానికి పోతే ఇగ మందనంత ఆడోళ్ళే చూసుకున్నరా? గంతే ఉంటది. మా దిక్కు గూడ అడివికి పోయింది మొగోళ్ళు అని పేరు, మంద మోసింది మేము. ఆ మంగోలోళ్ళ రాజుకు చదువు రాదా? ఆయనకు గూడ రాదా! చదువొచ్చినోణ్ణి పట్టుకొచ్చి రాయించిండా? మంచి తెలివి.

ఇగ ఇను. మా నాయనకు అన్న, బీరయ్య. నేను పెద్దయ్య అంటుంటి. మనిషి నల్లగ, ఎత్తుగ, నెత్తికి రుమాలు, భుజం మీద గొంగడి. ఎండకాలం గూడ గొంగడే. మాకు ఊర్ల ఒక గుడిసె ఉండె, అండ్ల మా అవ్వ, మా నాయన తల్లి, ఉండేది, పండుగకు పెద్దయ్య వస్తే బయట అరుగు మీదనే పండుకునేది. "లోపల గోడలు నన్ను చూస్తున్నట్టుంటది" అనేది పెద్దయ్య. నవ్వకు, నిజంగ అనేది. మా ఇంటి గొర్రెకు ఎడమ చెవి కొనకు ఒక కోత ఉండేది. ఎవ్వల మందల కలిసినా చెవి చూసి తీసుకొచ్చుకుంటం. రాత లేదంటవు గదా, మరి గది రాత కాదా? కాదా. గుర్తు వేరు, రాత వేరు అంటవు. సరే. జర ఆలోచిస్తే నువ్వన్నది నిజమే అనిపిస్తున్నది. చెవి మీద కోత మా పేరు చెప్తది గని మా ముచ్చట చెప్పది. ఒప్పుకున్న. గది నీ దిక్కు ఏసుకో.

కని మాట ఉండె మాకు. కాయితం లేదు, మాట ఉండె. ఎట్లంటే, పంట తీసినంక చెల్కలు ఖాళీగ ఉంటయ్ గదా, రైతులు మమ్ముల పిలుస్తరు, మా చెల్కల మంద పెట్టున్రి అని. మంద పెట్టుడంటే, జీవాలను తెల్లార్లు ఆ చెల్కల్నే పండవెడ్తం. అయి ఏసిన పెంట, ఉచ్చ, అన్నీ ఆ భూమికే. ఆ మీదటేడు పంట మనిషెత్తు లేస్తది. దానికి రైతు మాకు తిండి గింజలిస్తడు, జీవాలకు నీళ్ళిస్తడు. గిది ఒప్పందం. ఎవ్వలు రాసిన్రు? ఎవ్వలు రాయలే. మా ముత్తాతల నుంచి నడుస్తున్నది. నీ కంపోస్టు బస్తా ఉంటది సూడు గరాజుల, మీ అమ్మ టమాటలకు ఏస్తది, గదే పని. బస్తా కంపు లేదు, గదొక్కటే తేడా.

ఆ ఏడు కరువు. నేను అప్పుడు నీకంటె చిన్నగున్న. మంద తోలుకొని పోతుంటే తొవ్వల ఒక ఊరు, ఆ ఊరి పటేలు మా పెద్దయ్యను పిలిచిండు. "బీరయ్యా, నా పల్లి తీసిన చెల్కలల్ల మంద పెట్టు, గింజలిస్త, వానలు పడేదాక నీ జీవాలకు నా బాయి నీళ్ళు" అన్నడు. పెద్దయ్య పెట్టిండు. చెల్క తర్వాత చెల్క. పటేలు పల్లి చెల్కలన్నీ అయిపోయినయ్. అయిపోయిన తెల్లారి పెద్దయ్య జీవాలను తొట్టి కాడికి తోలుకొని పోతే బాయి కాడ మనిషిని పెట్టిండు పటేలు. నీళ్ళు లేవు పో అన్నడు ఆ మనిషి. పెద్దయ్య పటేలు ఇంటికి పోయి వాకిట్ల నిలవడి అడిగిండు. "పటేలా, మాట అనుకున్నం గదా" అన్నడు. ఆ పటేలు పుల్లతోని పండ్లు కుట్టుకుంట, కుర్చీల నుంచి లేవకుంట, ఏమన్నడో ఎరుకనా? "ఇల్లు వాకిలి లేనోని మాటేందిర? ఇయ్యాల ఈడుంటవు, రేపు ఏడుంటవో నీకే ఎరుక లేదు. ఇల్లున్నోనితోని ఒప్పందం జేస్త, గాలితోని చేస్తనా?"

ఇల్లు లేనోని మాటేంది. చూడు, నీ డిబేట్ల మాటనే. పట్నం లేనోళ్ళు సివిలైజేషన్ ఎట్లయితరు అని నువ్వు ఇంగ్లీషుల అన్నవు, ఆ పటేలు పండ్లు కుట్టుకుంట అన్నడు. కోపం చెయ్యకు, నువ్వు గా పటేలు అని నేనంటలే. మాట ఎక్కడెక్కడ తిరుగుతదో చెప్తున్న.

పెద్దయ్య తిరిగి వచ్చిండు. మా నాయన, ఊకో అన్నా, వాగు దిక్కు పోదాం అన్నడు. పెద్దయ్య రొట్టె తిన్నడు. చిలుం తాగిండు. తెల్లారి పొద్దెక్కినంక, పట్టపగలు, ఊరు ఊరంత లేచి తిరుగుతుంటే, మందనంత తోలుకొని పోయి పటేలు జొన్నచేన్లకు వదిలిండు. జొన్న కంకేసి గింజ పాలు పట్టి గట్టిపడుతున్నది, అసొంటి చేను. జీవాలు ఆకలి మీద ఉన్నయ్, దూప మీద ఉన్నయ్. నల్లని నీళ్ళు పచ్చటి చేన్ల పారినట్టు పోయినయ్. నేను గట్టు మీద నిలవడి చూసిన. అయ్యో అనిపించలే నాకు అప్పుడు, అబద్ధమెందుకు చెప్పాలె, చప్పట్లు కొట్టిన. మా నాయన నా చెయ్యి పట్టి గుంజిండు.

ఆగాగు, నువ్వు నిన్న చెప్పినవు సూడు, ఆ రాజు ఏదో ఊరికి వ్యాపారం చేసేటోళ్ళను పంపితే ఆ ఊరి అధికారి వాళ్ళను చంపిండని, మళ్ళ అడగనీకి మనుషులను పంపితే వాళ్ళను గూడ చంపిండని, దాని మీద ఆ రాజు వచ్చి ఊర్లకు ఊర్లు నాశనం చేసిండని. నువ్వు చెప్తుంటే నేను ఉల్లిగడ్డ కోస్తున్న. కత్తి ఆగింది నా చేతుల. ఓ, గిది మా పెద్దయ్య ముచ్చట గదా అనుకున్న. మాట తప్పింది ఒకడు. మరి కాలింది ఎవ్వల ఇల్లు? గదే నేను అడుగుదామనుకుంటున్న నిన్ను. నీ పుస్తకంల ఆ ఊర్ల ఉన్నోళ్ళు, అధికారి కాదు, కుండలు చేసేటోళ్ళు, రొట్టెలు కాల్చేటోళ్ళు, వాళ్ళేమనుకున్నరో ఎవ్వలన్న రాసిన్రా? చూడు, దొరికితే చెప్పు నాకు. నిజంగనే అడుగుతున్న.

ఎందుకంటే గొర్రెకు గట్టు తెల్వది బిడ్డా. పటేలు చేను ఏడిదాక, పక్కోని చేను ఏడినుంచి అని గొర్రె అడగది. పటేలు చేను అయిపోయినంక పక్క చేన్లు. దాని పక్కది సాయవ్వ చెల్క. చిన్నది, పటేలు చేను ముంగట చాప పరిచినంత. ఈ సాయవ్వ ఎవ్వలనుకున్నవు? మనోళ్ళే. కురుమ పిల్లనే. వాళ్ళు మంద అమ్ముకొని ఆ ఊర్ల గుడిసె ఏసుకున్నరు, జొన్న ఏసుకున్నరు. ఆమె పరిగెత్తుకుంట వచ్చింది, సంకల బిడ్డ ఉన్నది, ఎదురొచ్చి కొంగు పట్టి నిలవడ్డది. "అన్నా, నేను మనోళ్ళ పిల్లనే. గీ చెల్క మాది. ఇంట్ల గింజ లేదు. జీవాలను మలుపన్నా" అన్నది.

ఒక్క కూత పెడితే మలుగుతయ్. మా పెద్దయ్య నాలిక మడిచి ఒక కూత పెట్టేది సూడు, మంద ఎంత దూరమున్నా తలకాయలెత్తి ఆగేది. నేను ఎదురు చూసిన, ఇగ పెడ్తడు, ఇగ పెడ్తడు అని. పెట్టలే. ఆమె మొకం చూసి అన్నడు, "ఇల్లు కట్టుకున్నవు గద చెల్లె. ఇల్లున్నోళ్ళకు అడిగేతందుకు పటేలు ఉన్నడు. పో, ఆయన్నడుగు."

అప్పుడు నేను చప్పట్లు ఆపిన.

ఆ కోపంల పెద్దయ్య ఇంకోటి గూడ మరిచిండు. మరిచిండో, తెలిసే చేసిండో. జీవాలు గింజ ఎక్కువ తింటే పొట్ట ఉబ్బుతది. పచ్చి కంకులు కడుపు పగిలేటట్టు తింటే ఇగ లేవయి. కాపరి పిల్లలకు గూడ ఎరుకే గది. పొద్దుమీకేదాక గొర్లు ఒక్కొక్కటి కాళ్ళు తన్నుకుంట పడిపోయినయ్. ఆయన పేరు పెట్టి పిలిచే పొట్టేలు గూడ పోయింది. మా నాయన ఏడ్చుకుంట పొట్టలు పిసుకుతుండె, పెద్దయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని కూసున్నడు. ఊరోళ్ళు కట్టెలు పట్టుకొని వచ్చిన్రు కొట్టనీకి. వచ్చి, చచ్చిన గొర్లను చూసి, కొట్టకుంటనే పోయిన్రు. ఏం కొడ్తరు? అటు చేన్లు పోయినయ్, ఇటు మంద సగమైంది. పటేలుకు ఏమైందంటవా? ఏం కాలే. వానికి గాదెల పాత గింజలున్నయ్. వాడు తిన్నడు.

సాయవ్వ ఇంట్ల గింజలు లేవు. ఆ ఎండకాలం ఊర్ల మస్తుమంది అడివి గడ్డలు తవ్వుకొని తిన్నరు. సాయవ్వ సంకల ఉన్న పిల్ల, ఆ ఆడిపిల్ల, జరమొచ్చి పోయింది. జరంతోని పోయిందో ఆకలితోని పోయిందో ఎవ్వలు చెప్తరు? సాయవ్వ మాత్రం ఒకటే అనేది. "బీరయ్య మేపిండు నా బిడ్డను" అనేది. చేనును అనలే చూడు. బిడ్డను.

నీళ్ళు తాగుత ఆగు. ఫ్రిజ్జుల నీళ్ళు కాదు, గోరెచ్చని నీళ్ళియ్యి. ఆ, చాలు.

మళ్ళ ఏడు, వానలు పడకముందు, పెద్దయ్య మిగిలిన మందను తోలుకొని ఆ ఊరికే పోయిండు. మా నాయన కాళ్ళు పట్టుకున్నడు, చంపుతరన్నా అని. పోయిండు. ఎవ్వలను అడగలే, ఎవ్వలతోని మాట్లాడలే. సక్కగ సాయవ్వ చెల్కల మంద పెట్టిండు. ఆడ అయినంక దాని పక్క చెల్క. ఆయన మేపిన ప్రతి చెల్కల పెట్టిండు, ఒక్క పటేలుది ఇడిచి. ఎవ్వలన్న గింజలు తెచ్చి గట్టు మీద పెడితే ముట్టలే. ఆ ఊరి నీళ్ళు గూడ తాగలే, దూరమున్న వాగుకు పోయి జీవాలకు తాపుకొచ్చేది, మళ్ళ చెల్కల పండవెట్టేది. ఊరోళ్ళు ఇండ్ల ముంగట నిలవడి చూసిన్రు గని దగ్గరికి రాలే. ఎవ్వలు ఎల్లగొట్టలే, ఎవ్వలు పిలవలే. అయిపోయిన పొద్దు కట్టె భుజం మీద ఏసుకొని ఎల్లిపోయిండు.

ఎందుకు చేసిండంటవా? గదే బిడ్డా! గదే నాకు ఇప్పటిదాక తెల్వది. తప్పు ఒప్పుకున్నట్టా? లేకుంటే, చూడున్రి, ఇల్లు లేనోని మాట ఎట్లుంటదో అని ఊరంతటికి చూపెట్టినట్టా? మా నాయన అంటుండె, అన్న ఆ పిల్ల చచ్చినకాడి నుంచి నిద్ర పోలే అని. మా అవ్వ అంటుండె, వానికి పొగరు, చేసిన పాపంల గూడ వానిదే పైచెయ్యి ఉండాలె అని. నేను ఆయనను అడగలే. ఎవ్వలం అడగలే. ఆయన చెప్పేటోడు గూడ కాదు. నువ్వు చెప్పినవు గదా, ఆ మంగోలోళ్ళు అన్నీ కూలగొట్టినంక తొవ్వలు మంచిగ చేసిన్రు, దొంగలు లేకుంట చేసిన్రు, గుర్రాల మీద జాబులు పంపిన్రు, వ్యాపారం మస్తు సాగింది అని. అది ఎందుకు చేసిన్రో నీ పుస్తకంల ఉన్నదా? ఒప్పుకున్నట్టా, చూపెట్టినట్టా? లేదా. పుస్తకాల గూడ ఉండదన్నట్టు.

ఆ ఏడు వానలు మంచిగ పడ్డయ్. ఆ ఊర్ల జొన్న ఎట్ల లేసిందంటే, చేన్ల మనిషి దూరితే కనవడలే. కంకి ఒక్కొక్కటి పిల్లగాని తలకాయంత. పటేలు చేను ఒక్కటే పొట్టిగ, ఎర్రగ.

అయినా పగ తెగలే. పెంటతోని పగ తెగది. అప్పుడు కులం పెద్దలు కూసున్నరు, చెట్టు కింద కాదు, మా కులదేవుడు బీరప్ప గుడి ముంగట. సాయవ్వ వచ్చి, నాకు గింజలొద్దు, గొర్లొద్దు, నా ఇంట్ల పిల్ల పోయింది అన్నది. గంతే అన్నది. పెద్దయ్య లేచి నిలవడి, "మా తమ్ముని బిడ్డ ఉన్నది. సాయవ్వ పెద్ద కొడుక్కు ఇస్తం. పిల్ల పోయిన ఇంటికి పిల్లనిస్తం" అన్నడు. మా నాయనను అడిగిండా? లేదు. నన్ను అడిగిండా? గొర్రె చెవి కోసేటప్పుడు గొర్రెను అడుగుతరా? నేను ఏడిస్తే, మా పెద్దయ్య నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీతోని సరిపోతది బిడ్డా" అన్నడు. ఆ చెయ్యి నేను తీసేసిన. ఆయన సచ్చేదాక మళ్ళ మాట్లాడలే నేను ఆయనతోని. సచ్చినప్పుడు పోయిన, ఏడ్వలే. గీ గొంగడి ఆయనదే. మా నాయన తెచ్చి ఇచ్చిండు. కప్పుకుంట, ఎందుకంటే మంచిగున్నది, చలి ఆగుతది. ఆయన మీద కోపం వేరు, గొంగడి వేరు.

అవును. ఆ సాయవ్వే మా అత్త. ఆమె పెద్ద కొడుకు మీ తాత. మీ తాత మంచోడు, ఆయన గురించి ఇంకోనాడు చెప్త. రాజులు గూడ పగలు పోనీకి బిడ్డలనిచ్చిన్రు అంటవా? మంగోలోళ్ళు గూడనా? మరి ఆ ఆడిపిల్లలు ఏమనుకున్నరో అది గూడ చూడు. దొరకది. చూడు, అయినా.

గిదంత ఎందుకు చెప్తున్ననంటే, మీ నాయన గిదంత ఎరుకుండి నీకు ఆ జస్ట్ అనే ముక్క రాయించిండు. వాడు ఆ సాయవ్వ మనుమడు, ఆ బీరయ్య తమ్ముని బిడ్డ కొడుకు. నువ్వు గూడ ఆ తీర్పుల నుంచి వచ్చినదానివే. ఏం రాస్తవో రాసుకో. పట్నాలు లేవని చెప్పు, నిజమే. రాత లేదని చెప్పు, తర్వాత తెచ్చుకున్నరని గూడ చెప్పు. ఊర్లు కాలవెట్టిన్రని చెప్పు, చెప్పాలె అది, గట్టిగ చెప్పాలె. మా అత్త ముంగట కూసున్నదనుకొని చెప్పు. ఆ జస్ట్ ఒక్కటి అనేటప్పుడు మాత్రం నా దిక్కు చూసి అను.

ఏందీ? నేనేమంట? మంగోలోళ్ళు సివిలైజేషన్ అవునా కాదా, ఒక్క మాటల చెప్పాల్నా? మీ పిల్లలకు అన్నీ ఒక్క మాటల కావాలె. మా అత్తనడిగితే కాదంటది, ఆమె నోట్ల ఇంకో మాట రాదు. నన్నడిగితే...

పెండ్లైనంక మొదటి పొద్దు చెప్త. నన్ను తోలుకొని పోయిన్రు ఆ ఇంటికి. ఎవ్వలు నాతోని మాట్లాడతలేరు. మీ తాత గూడ బుగులుతోని బయటనే తిరుగుతుండు. మా అత్త పొయ్యి కాడ కూసోని రొట్టెలు చేసింది. జొన్నరొట్టెలు. ఆ చెల్క పంటనే, పెద్దయ్య మంద పెట్టిన చెల్కది. ఆమె ఆ చెల్కల దున్నింది, కోసింది, కొట్టింది, ఇసిరింది, అందరికి పెట్టింది, కని ఆ చెల్క గింజ ఒక్కటి ఆమె నోట్ల పెట్టుకోలే. సచ్చేదాక పెట్టుకోలే. పక్కోళ్ళ దగ్గర కొర్రలు తెచ్చుకొని గటక కాసుకునేది. ఆ పొద్దు నా ముంగట రొట్టె ఏసింది, ఎర్రకారం ఏసింది, నిలవడ్డది. కూసోలే. నన్నే చూసుకుంట నిలవడ్డది. "తిను. మీ పెద్దయ్య పంటనే" అన్నది. నేను నిన్నటిసంది ఏం తినలే. తినొద్దు అనుకున్న. ఆమె ముంగట ఈ రొట్టె ఎట్ల తింట అనుకున్న. చిన్న తునక తుంచుకొని నోట్ల పెట్టుకున్న.

తియ్యగుండె బిడ్డా. ఎంత తియ్యగుండెనంటే.

ఇంకోటి అడిగిన.

...

పో, ఆ హీటర్ జర పెంచు. నీ కాళ్ళు చల్లగున్నయ్. ఆ గొంగడి ఇటియ్యి, మడత ఇప్పి ఇద్దరం కప్పుకుందాం.